పోస్ట్‌డాక్ ఎంపిక: ఏ దేశమన్నది తర్వాత, ముందు జీతం డబ్బు ఎవరిదో చూడండి

పీహెచ్‌డీ చివరికొచ్చేసరికి, దాని తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం (పోస్ట్‌డాక్) గురించి అందరి నోటా ఒకటే ప్రశ్న: అమెరికానా, జర్మనీనా, ఇక్కడేనా? అడగాల్సిందే, కాకపోతే మొదట అడగాల్సింది అది కాదు. ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే ల్యాబ్‌లో, పక్కపక్కనే కూర్చునే ఇద్దరు పోస్ట్‌డాక్‌ల పరిస్థితి పూర్తిగా వేరుగా ఉండొచ్చు. ఒకరి జీతం ప్రొఫెసర్ ప్రాజెక్టు నిధుల్లోంచి వస్తుంది. ఇంకొకరు సొంత ఫెలోషిప్ (తమ పేరు మీదే వచ్చే పరిశోధన భృతి) తెచ్చుకుని చేరారు. మొదటివారు ప్రాజెక్టులో రాసి ఉన్న పనే చెయ్యాలి, నిధులు అయిపోతే బయటికి రావాలి. రెండోవారు తమ ప్రతిపాదన ప్రకారం నడుస్తారు, వెళ్లేటప్పుడు ఆ అంశాన్ని వెంట తీసుకెళ్తామని అడిగే హక్కు వారికి ఉంటుంది. రేపు సొంత ల్యాబ్ పెట్టుకోవాలనుకునేవారికి ఏ దేశంలో చేశారన్నదానికన్నా ఈ తేడాయే ఎక్కువ లెక్కలోకి వస్తుంది.

ప్రాజెక్టు ఉద్యోగం

దీని పెద్ద లాభం వేగం. మెయిల్ పంపిన రెండు మూడు నెలల్లో ఆఫర్ రావొచ్చు, పది పేజీల ప్రతిపాదన రాయక్కర్లేదు. ఉద్యోగి హోదా కాబట్టి ఆరోగ్య బీమా, పింఛను లాంటివి దేశాన్ని బట్టి వాటంతటవే వస్తాయి.

ప్రమాదం ప్రాజెక్టు గడువులో ఉంది. "రెండేళ్లు" అని ఆఫర్‌లో ఉంటుంది, ప్రాజెక్టు మాత్రం మరో పదకొండు నెలల్లో ముగుస్తుంది. మిగతా ఏడాది "రెన్యూవల్ వస్తుంది" అన్న నమ్మకం మీద నడుస్తుంది. దీన్ని ఇంటర్వ్యూకి ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. నిధులిచ్చే సంస్థల వెబ్‌సైట్లలో ప్రొఫెసర్ పేరు కొట్టి వెతకండి: అమెరికాలో ఎన్‌ఐహెచ్ (వైద్య, ఆరోగ్య పరిశోధన సంస్థ) నిధులైతే ఎన్‌ఐహెచ్ రిపోర్టర్‌లో, ఎన్‌ఎస్‌ఎఫ్ (జాతీయ సైన్స్ ఫౌండేషన్) నిధులైతే ఆ సంస్థ అవార్డ్ సెర్చ్‌లో, జర్మనీలో డీఎఫ్‌జీ (జర్మన్ పరిశోధన నిధుల సంస్థ) నిధులైతే గెప్రిస్‌లో, యూరోపియన్ యూనియన్ నిధులైతే కోర్డిస్‌లో. ప్రాజెక్టు ఎప్పుడు మొదలైందో, చాలాచోట్ల ఎప్పుడు ముగుస్తుందో, సారాంశం కనిపిస్తాయి. సారాంశం చదివితే మిమ్మల్ని ఏ పనికి తీసుకుంటున్నారో కూడా తెలిసిపోతుంది. 2025లో అమెరికాలో నడుస్తున్న గ్రాంట్లే మధ్యలో రద్దయ్యాయి కాబట్టి అక్కడికి వెళ్లేవారు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: "ఈ గ్రాంట్ ఆగిపోతే నా జీతానికి వేరే ఏ ఖాతా ఉంది?" నేరుగా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. జవాబు చెప్పకుండా మాట దాటేస్తే అప్పుడు ఆలోచించండి.

జర్మనీలో ప్రాజెక్టు పోస్ట్‌డాక్‌కి సాధారణంగా టీవీ-ఎల్ ఈ-13 అనే ప్రభుత్వ జీతాల స్కేలు ఇస్తారు. అనుభవాన్ని బట్టి మెట్లు ఉంటాయి. 2025లో మొదటి మెట్టు గ్రాస్ (కోతలకు ముందు) జీతం నెలకు 4,600 యూరోల పైచిలుకు. మన దగ్గర చేసిన పరిశోధన అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని పై మెట్టులో పెట్టమని ఒప్పందం మీద సంతకానికి ముందే హెచ్‌ఆర్‌ని అడగాలి. సంతకం అయ్యాక మార్పించడం చాలా కష్టం. ఇంకోటి, అక్కడి తాత్కాలిక ఒప్పందాల చట్టం ప్రకారం పీహెచ్‌డీ తర్వాత ఈ తరహా ఒప్పందాల్లో గరిష్ఠంగా 6 ఏళ్లు, వైద్యరంగంలో 9 ఏళ్లు పనిచేయవచ్చు. పిల్లలుంటే ఒక్కొక్కరికి 2 ఏళ్లు కలుస్తాయి.

సొంత ఫెలోషిప్

ఇక్కడ గడువులే సగం కథ. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ స్క్లోడోవ్‌స్కా-క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి (మనవాళ్లు మేరీ క్యూరీ అనేస్తారు) ఏటా సెప్టెంబరులో చివరి తేదీ, ఫిబ్రవరిలో ఫలితాలు. 2025 దాకా ఉన్న నియమాల ప్రకారం చివరి తేదీ నాటికి పీహెచ్‌డీ చేతిలో ఉండాలి. కాన్వకేషన్ కాకపోయినా వైవా విజయవంతంగా ముగిస్తే చాలు. పీహెచ్‌డీ తర్వాత పరిశోధన అనుభవం 8 ఏళ్లు దాటకూడదు, విరామాలు ఇందులోంచి తీసేస్తారు. యూరప్ లోపల చేసే ఫెలోషిప్ 12 నుంచి 24 నెలలు, ఏ దేశస్థులైనా అర్హులే. గ్లోబల్ అనే రెండో రకం మాత్రం యూరోపియన్ యూనియన్, దాని పరిశోధన పథకంలో చేరిన దేశాల పౌరులకు, దీర్ఘకాల నివాసులకే. అది చూసి కంగారుపడి మొత్తం వదిలేసేవారున్నారు.

పోటీ గట్టిది. 2024లో 10,360 దరఖాస్తుల్లోంచి 1,696 మందిని తీసుకున్నారు. 2025లో దరఖాస్తులు 17,058కి పెరిగాయి. మార్కుల్లో శాస్త్రీయ నాణ్యతకు 50 శాతం, ప్రభావానికి 30, అమలుకు 20. మన దగ్గరి నుంచి వెళ్లే దరఖాస్తులు మొదటి భాగాన్ని బాగానే రాస్తాయి, పోయేదంతా మిగతా యాభైలో. "అమలు" అంటే నెలవారీ గ్యాంట్ చార్టు (ఏ పని ఎప్పుడో చూపే పట్టిక), ప్రయోగం విఫలమైతే రెండో దారి, హోస్ట్ ల్యాబ్‌లో (మిమ్మల్ని చేర్చుకునే ల్యాబ్‌లో) ఏ పరికరం ఎన్ని రోజులు దొరుకుతుంది అన్న వివరాలు. "ప్రభావం" అంటే ఈ రెండేళ్లలో మీరేం నేర్చుకుంటారు, దాంతో మీ దారి ఎలా మారుతుంది అన్నది. సమాజానికి మేలు జరుగుతుందని ఒక పేరా రాసి వదిలేస్తే మార్కులు రావు. 2025 దాకా ఉన్న నియమం ప్రకారం 70 శాతం లోపు వస్తే మరుసటి ఏడాది అదే హోస్ట్ సంస్థతో మళ్లీ వేయనిచ్చేవారు కాదు. 85 లేదా ఆపైన వచ్చి కూడా నిధులు అందనివారికి సీల్ ఆఫ్ ఎక్సలెన్స్ అనే ధ్రువపత్రం ఇస్తారు. కొన్ని దేశాలు దాన్ని చూసి సొంత డబ్బు ఇస్తాయి. ఆ దేశాల జాబితా ముందే చూసుకుని హోస్ట్‌ని ఎంచుకుంటే రెండో అవకాశం ఉంచుకున్నట్టే.

ఎక్కువమంది చిక్కుకునే ఉచ్చు మొబిలిటీ నియమం. చివరి తేదీకి ముందరి 36 నెలల్లో హోస్ట్ దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదు. 2025 జూన్‌లో జర్మనీలో ప్రాజెక్టు ఉద్యోగంలో చేరి, స్థిరపడ్డాక 2026 సెప్టెంబరులో జర్మనీకే మేరీ క్యూరీ వేద్దామనుకుంటే, అప్పటికి 15 నెలలు. అర్హత పోయినట్టే. కాబట్టి ముందు ఫెలోషిప్ ప్రయత్నం, తర్వాత ఉద్యోగం. లేదా ఉద్యోగం ఒక దేశంలో, ఫెలోషిప్ దరఖాస్తు వేరే దేశానికి.

జర్మనీకే వెళ్లాలని ఉంటే హంబోల్ట్ ఫెలోషిప్ దరఖాస్తుదారుకు ఎక్కువ వెసులుబాటు ఇస్తుంది. చివరి తేదీ లేదు, ఏడాది పొడవునా దరఖాస్తు వేయవచ్చు. ఎంపిక కమిటీ మార్చి, జూలై, నవంబరుల్లో కూర్చుంటుంది. వేసినప్పటి నుంచి ఫలితానికి ఆరేడు నెలలు అనుకోండి. పీహెచ్‌డీ అయి 4 ఏళ్లు దాటనివారికి పోస్ట్‌డాక్ విభాగం, 6 నుంచి 24 నెలలు. 12 ఏళ్ల లోపువారికి అనుభవజ్ఞుల విభాగం, 6 నుంచి 18 నెలలు. దేశాలవారీ కోటా లేదు. ఇక్కడ ప్రతిపాదన ఒక్కటే బరువు తూగదు. ఇప్పటిదాకా వచ్చిన పేపర్లు, హోస్ట్ రాసే అభిప్రాయం రెండూ గట్టిగా ఉండాలి. మొక్కుబడిగా రాసిన హోస్ట్ లేఖ దరఖాస్తును ముంచేస్తుంది, కనుక మీతో నాలుగైదుసార్లు మాట్లాడిన ప్రొఫెసర్‌నే ఎంచుకోండి.

జపాన్ ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ జేఎస్‌పీఎస్ ఇచ్చే ఫెలోషిప్‌లో దరఖాస్తు వేసేది మీరు కాదు, హోస్ట్ సంస్థ. పీహెచ్‌డీ అయి 6 ఏళ్లలోపు ఉండాలి. 12 నుంచి 24 నెలలు, నెలకు 362,000 యెన్లు, చేరేటప్పుడు 200,000 యెన్లు, విమాన ఖర్చు. సంస్థ లోపలి గడువు బయటి గడువుకన్నా కొన్ని వారాలు ముందుంటుంది. ఆ సంగతి తెలియక ఆఖరి వారంలో మెయిల్ పెట్టినవారికి మర్యాదగానే "వచ్చే ఏడాది" అని జవాబొస్తుంది.

మన దేశంలో

ఇక్కడి ప్రధాన ఫెలోషిప్ ఎన్‌పీడీఎఫ్ (నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్). కేంద్ర పరిశోధన నిధుల సంస్థ సెర్బ్ పెట్టిన పథకం ఇది. 2023 చట్టంతో సెర్బ్ ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లో (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్) కలిసిపోయింది. 2 ఏళ్లు, వయసు 35 లోపు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 5 ఏళ్ల సడలింపు, జీవితంలో ఒక్కసారే. థీసిస్ సమర్పించి వైవా కోసం ఎదురుచూస్తున్నవారు కూడా వేయవచ్చన్నది దీనిలో పెద్ద సౌకర్యం. డిగ్రీ వచ్చేదాకా కాస్త తక్కువ మొత్తం ఇస్తారు. మన విశ్వవిద్యాలయాల్లో థీసిస్ ఇచ్చాక పరీక్షకుల రిపోర్టులు రావడానికే ఆరు నెలలు, ఏడాది పట్టడం మామూలే కాబట్టి ఆ ఖాళీలో ఇది ఆదుకుంటుంది. ఫెలోషిప్‌తో పాటు ఏటా 2 లక్షల రూపాయల పరిశోధన గ్రాంటు సెర్బ్ కాలం నుంచి ఉంది. గణితం, సిద్ధాంత భౌతికశాస్త్రం, కంప్యూటేషన్ వారికి అది చాలు. యాంటీబాడీలు, సీక్వెన్సింగ్‌తో పనిచేసే జీవశాస్త్రవేత్తలకు ఆ సొమ్ము కొన్ని నెలల్లో ఆవిరి, కాబట్టి మెంటార్‌కి వేరే ప్రాజెక్టు నడుస్తోందో లేదో చూసుకునే చేరాలి.

ప్రాజెక్టు రీసెర్చ్ అసోసియేట్ (ఆర్‌ఏ) అయితే 2023 జనవరి 1 నుంచి నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలు, మూడు మెట్లు, ఆపైన హెచ్‌ఆర్‌ఏ. కాగితం మీద సొమ్ము బాగానే ఉంటుంది, సంస్థ ఖాతాలోకి విడత నిధులు ఆలస్యమైతే జీతమూ ఆలస్యమవుతుంది. చేరేముందు అక్కడున్న ఆర్‌ఏని అడగండి: గత ఏడాది ఎన్ని నెలలు జీతం ఆగింది? పక్కా సమాధానం దొరికేది అక్కడే.

హైదరాబాద్ సంగతి ప్రత్యేకం. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీడీఎఫ్‌డీ, టీఐఎఫ్‌ఆర్ హైదరాబాద్, కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఇక్రిశాట్, జాతీయ పోషకాహార సంస్థ లాంటి పరిశోధన కేంద్రాలన్నీ రెండు గంటల ప్రయాణంలోపే. ఒకచోట జీతం తీసుకుంటూ ఇంకోచోట పరికరం వాడుకోవడం ఇక్కడ నిజంగా జరిగే పని. పరిశోధన పరికరాలను పంచుకునే ఐ-స్టెమ్ ప్రభుత్వ పోర్టల్‌లో ఏ పరికరం ఎక్కడుందో, గంటకు ఎంతో చూసి బుక్ చేసుకోవచ్చు. జీవవైద్య పరిశోధన చేసేవారికి ఇండియా అలయన్స్ అనే నిధుల సంస్థ ఫెలోషిప్‌లున్నాయి, దాని కార్యాలయమూ హైదరాబాద్‌లోనే. కాకపోతే వాటిని పోస్ట్‌డాక్‌గా కాక స్వతంత్ర పరిశోధన వైపు మొదటి అడుగుగా చూడాలి. పీహెచ్‌డీ అయిన వెంటనే తొందరపడి వేసే దరఖాస్తు కాదు.

చేతికి ఎంత

అంకెలు పోల్చేటప్పుడు అన్నీ ఒకే రకం అంకెలు కావు. 2024 మేరీ క్యూరీలో నెలకు 5,080 యూరోలు, దానికి మొబిలిటీ 600, కుటుంబం ఉంటే 660 అని చదివి పొంగిపోతారు. అది మీ కోసం యజమానికయ్యే మొత్తం ఖర్చు. దేశాన్ని బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు, అందులోంచి యజమాని వాటా సామాజిక బీమా పోతుంది, తర్వాత మీ వాటా, ఆపై ఆదాయపన్ను. జర్మనీలో ఒంటరిగా ఉండేవారికి చివరికి చేతికి మిగిలేది 3,000 యూరోలకు కాస్త అటూ ఇటూ. హంబోల్ట్ మొత్తం కాగితం మీద దాదాపు అంతే. అయితే అది స్టైపెండ్, పన్ను కోత పడదు. అంటే చేతికొచ్చేది ఇంచుమించు సమానం. తేడా ఏమిటంటే ఉద్యోగంలో పింఛను ఖాతా, నిరుద్యోగ బీమా ఉంటాయి, స్టైపెండ్‌లో ఉండవు.

అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఎన్‌ఐహెచ్ స్కేలును కొలతగా వాడతాయి. 2025లో అనుభవం లేని పోస్ట్‌డాక్‌కి అది ఏడాదికి 62,232 డాలర్లు. బోస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కోలలో ఇంటి అద్దె చూశాక ఆ అంకె బాగా చిన్నదైపోతుంది. ఇండియానాలోనో అయోవాలోనో అదే జీతంతో హాయిగా ఉండొచ్చు. భారత్ నుంచి నేరుగా జే-1 (పరిశోధకులు తదితరులకు ఇచ్చే ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) మీద వెళ్లేవారికి రెండు వెసులుబాట్లున్నాయి. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 22వ అధికరణం పరిశోధకుల ఆదాయానికి 2 ఏళ్లదాకా ఫెడరల్ పన్ను మినహాయిస్తుంది. అడిగితేనే వస్తుంది, పేరోల్ ఆఫీసులో 8233 ఫారం ఇవ్వాలి. రెండేళ్లకు మించి ఉండే ఉద్దేశం ఉంటే ఈ మినహాయింపు మీద దాని ప్రభావమేంటో అప్పుడే అడిగి తెలుసుకోండి. రెండోది సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత 7.65 శాతం. మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు జే-1 పరిశోధకులు పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంట్లు కాబట్టి అది పడదు. లెక్క క్యాలెండర్ సంవత్సరంతో కనుక డిసెంబరు 20న దిగితే ఆ పన్నెండు రోజులకే ఒక సంవత్సరం ఖర్చయిపోతుంది. వీలుంటే చేరిక జనవరికి జరపండి.

అమెరికా వీసా గురించి నాలుగు ముక్కలు

విశ్వవిద్యాలయాలకు హెచ్-1బీలో లాటరీ లేదు. కానీ 2025 సెప్టెంబరు 21 నుంచి దేశం బయట ఉన్నవారి కొత్త పిటిషన్లకు 1,00,000 డాలర్ల రుసుము వచ్చి పడింది. పోస్ట్‌డాక్ కోసం ఆ డబ్బు కట్టే విభాగం దొరకడం కష్టం, కాబట్టి జే-1 అనే అనుకోండి. దీనిలో రీసెర్చ్ స్కాలర్ విభాగంలో గరిష్ఠంగా 5 ఏళ్లు. వెంట వచ్చే భార్యకు లేదా భర్తకు జే-2 (డిపెండెంట్ వీసా) మీద పని అనుమతి అడగవచ్చు. తిరిగి వచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నియమం ఒకప్పుడు అమెరికా ప్రభుత్వం పెట్టిన నైపుణ్యాల జాబితా వల్ల చాలామంది భారతీయులకు తగిలేది. 2024 డిసెంబరులో ఆ జాబితాలోంచి భారత్‌ను తీసేశారు. ప్రభుత్వ నిధులతో వెళ్లేవారికి, ఉదాహరణకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోలకు, అది ఇప్పటికీ వర్తిస్తుంది.

ఇంకో మూల దాగి ఉన్న నియమం: రీసెర్చ్ స్కాలర్‌గా జే-1 ప్రోగ్రాం ముగించుకుని వచ్చేస్తే, మళ్లీ అదే విభాగంలో వెళ్లడానికి 24 నెలలు ఆగాలి. నాలుగు నెలల విజిటింగ్‌కి ఈ విభాగంలో వెళ్లొచ్చి, తర్వాత అదే ల్యాబ్‌లో మూడేళ్ల పోస్ట్‌డాక్ దొరికాక ఆగిపోయినవారున్నారు. ఆరు నెలల లోపు పర్యటనకు షార్ట్-టర్మ్ స్కాలర్ విభాగంలో డీఎస్-2019 (జే-1 వీసాకి సంస్థ ఇచ్చే పత్రం) ఇమ్మని అడగండి.

ఉమ్మడి పరిశోధనలో చూడాల్సినవి

"మా దగ్గర సహకార వాతావరణం ఉంది" అని ప్రతి విభాగమూ చెబుతుంది. నిజమో కాదో తేల్చే మార్గాలు రెండు. ఆ ల్యాబ్ గత ఐదేళ్ల పేపర్లు తీసి మొదటి రచయితల పేర్లు ఒక కాగితం మీద రాయండి. పోస్ట్‌డాక్‌లుగా ఉన్నవారిలో ఎందరికి మొదటి పేరు దక్కిందో, అక్కడినుంచి ఎక్కడికి వెళ్లారో చూడండి. పదిహేను పేపర్లలో మధ్య పేర్లు మాత్రమే ఉన్న పోస్ట్‌డాక్‌లు కనిపిస్తే, అక్కడ సహకారమంటే అందరి పనీ చేసిపెట్టడం. రెండోది, ల్యాబ్‌లోని వారితో ప్రొఫెసర్ లేకుండా అరగంట మాట్లాడనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ తిరస్కారంలోనే మీ జవాబుంది.

పేరు ఎక్కడుందన్నది మన దగ్గర మార్కుల లెక్క కూడా. యూజీసీ 2018 నిబంధనల్లో విశ్వవిద్యాలయాల అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టింగ్‌కి పోస్ట్‌డాక్ లేదా బోధన అనుభవం ఏడాదికి 2 మార్కులు, గరిష్ఠం 10. ఒక్కో పేపరుకి 2, అక్కడా గరిష్ఠం 10. పై స్థాయి పదవుల స్కోరులో ఇద్దరికి మించి రచయితలుంటే మొదటి లేదా కరస్పాండింగ్ రచయితకు (పేపరు బాధ్యత చూసే రచయితకు) విలువలో 70 శాతం, మిగతావారికి తలా 30 శాతం. ఐఐటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1కి పీహెచ్‌డీ తర్వాత 3 ఏళ్ల అనుభవం అడుగుతారు. కాబట్టి తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్నవారు రెండేళ్ల ఫెలోషిప్ తర్వాత మూడో ఏడాది ఎక్కడినుంచి వస్తుందో మొదట్లోనే అనుకుని పెట్టుకోవాలి.

ఇద్దరు ప్రొఫెసర్ల కింద ఉమ్మడి పదవి వస్తే మూడు విషయాలు మెయిల్‌లో రాయించుకోండి: వారంలో ఎన్ని రోజులు ఎవరి పని, పరికరాల చార్జీలు ఎవరి ఖాతాలోంచి, మొదటి పేపరులో చివరి పేరు (మామూలుగా ల్యాబ్ పెద్దది) ఎవరిది. మూడోది తేలని చోట పేపరు నెలల తరబడి ఇద్దరి మధ్య తిరుగుతుంది, నష్టపోయేది మధ్యలో ఉన్నవారే.

ఇక్కడి నమూనాలు బయటికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం, జీవవైవిధ్య చట్టం కింద అనుమతి, మనుషుల నమూనాలైతే ఐసీఎంఆర్ చూసే స్క్రీనింగ్ కమిటీ ఆమోదం ఇవన్నీ నెలల పని. ప్రతిపాదనలో "మొదటి నెలలో నమూనాలు తెస్తాను" అని రాయకండి.

మెయిల్ ఎలా

ఒక పేజీ దాటొద్దు. మొదటి రెండు వాక్యాల్లో మీరెవరు, ఏ పద్ధతి మీద పట్టుంది. తర్వాత వారి ఇటీవలి ఒక పేపరులోని ఒక ఫలితాన్ని పట్టుకుని, దానికి మీరు కలపగలిగేది నాలుగు వాక్యాలు. చివర డబ్బు మాట స్పష్టంగా: "మీ దగ్గర ఖాళీ ఉందా, లేక ఫలానా ఫెలోషిప్‌కి ఫలానా తేదీలోగా హోస్ట్‌గా ఉంటారా?" ఈ రెండో సగం రాసినవారికి జవాబులు ఎక్కువ వస్తాయి, ఎందుకంటే ప్రొఫెసర్ జేబులోంచి ఏమీ అడగడం లేదు. మేరీ క్యూరీకి మార్చి, ఏప్రిల్‌లోనే రాయాలి. చాలా సంస్థలు ఆసక్తి ప్రకటనలు వసంతంలోనే తీసుకుని ముగిస్తాయి. "గౌరవనీయులైన సర్" అని యాభైమందికి ఒకేసారి పంపితే, అది అందరికీ వెళ్లిందని చదివేవారికి మొదటి గీతలోనే అర్థమవుతుంది.

ఎవరికి ఏది

థీసిస్ ఇచ్చారు కానీ వైవా కాలేదా? ఎన్‌పీడీఎఫ్ వేసి, ఈలోగా అర్హత కుదిరితే ఆర్‌ఏగా చేరండి. వైవా అయి ఏడాది లోపు, రెండు మంచి మొదటి పేరు పేపర్లు ఉన్నాయా? హంబోల్ట్, మేరీ క్యూరీ రెండూ వేరే వేరే హోస్ట్‌లతో వేయండి, ప్రాజెక్టు ఉద్యోగాన్ని చేతిలో ఉంచుకుని ఫలితాల కోసం ఆగండి. పేపర్లు ఇంకా రివ్యూలో ఉన్నాయా? ఫెలోషిప్ కమిటీలకన్నా ప్రాజెక్టు ప్రొఫెసర్ మీ చేతి పనిని చూసి తీసుకుంటారు, అదే మేలు. భార్యాభర్తలిద్దరూ పనిచేయాలనుకుంటే జర్మనీ తేలిక, అమెరికా జే-2 తర్వాత, జపాన్‌లో డిపెండెంట్‌కి అనుమతితో వారానికి 28 గంటలే. వయసు 34 దాటి సడలింపు లేనివారు మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఎన్‌పీడీఎఫ్ పిలుపు తేదీ చూడండి, ఎందుకంటే వయసు లెక్క చివరి తేదీ నాటికే.

రెండు ఆఫర్లు ఒకేసారి వస్తే నిర్ణయానికి రెండు వారాలు అడగడం మామూలే. ఫెలోషిప్ ఫలితం పెండింగ్‌లో ఉందని ప్రాజెక్టు ప్రొఫెసర్‌కి ముందే చెప్పండి. ఫెలోషిప్ వస్తే చాలామంది సంతోషంగా దానికి మార్చి, మిగిలిన ప్రాజెక్టు డబ్బుతో మీకు మూడో ఏడాది ఇస్తారు.